అరటితొక్కతో యమనోతె చుట్టూ

పొద్దున టోక్యోలో షింజుకు స్టేషన్లోకి అడుగు పెట్టేముందు తిన్న అరటిపండు తొక్క మధ్యాహ్నం ఒంటిగంటకి కూడా నాతోనే ఉంది. మొదటి అరగంట టిష్యూలో చుట్టి చేత్తో పట్టుకున్నాను, ఎక్కడో ఒక చెత్తబుట్ట కనపడకపోతుందా అని. కనపడలేదు. ప్లాట్‌ఫామ్ మీద కూల్‌డ్రింకుల మెషీన్ పక్కన ఒక డబ్బా ఉంటే ఆశగా వెళ్ళాను. దానికి రెండు గుండ్రటి కన్నాలు, ఖాళీ సీసాలూ టిన్నులూ పట్టేంత. తొక్కని మడిచి ఆ కన్నంలో కుక్కబోతుంటే అక్క నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"సిగ్గు లేదూ? సీసాల కోసం పెట్టారది."

"మరి దీన్నేం చెయ్యమంటావ్?"

"తినకముందు రావాల్సింది ఆ ఆలోచన," అంటూనే హ్యాండ్‌బ్యాగ్ అడుగునుంచి నలిగిన నీలం కవరొకటి తీసి ఇచ్చింది. అక్క బ్యాగులో కవర్ లేని రోజు ఉండదు. దానికి ముడి వేసి నా భుజాన ఉన్న సంచిలో పడేశాను.

బయట వాన. ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాక యమనోతె లైన్ ఎక్కి కూర్చున్నాం. టోక్యో నడిబొడ్డు చుట్టూ తిరిగే లైన్ అది. 30 స్టేషన్లు, 34.5 కిలోమీటర్లు, సుమారు గంటలో ఎక్కినచోటే దింపుతుంది. అంతసేపూ నేను చేసిన పని చెత్త వెతకడం. జపాన్ రైళ్ళ శుభ్రత గురించి అందరూ చెప్పేదే కదా, ఎక్కడో ఒకచోట పట్టుకోకపోతానా అని పంతం. నేల మీద గొడుగుల నుంచి కారిన నీళ్ళు, వాటి మీద బూట్ల ముద్రలు. అంతే. చివరికి ఎదురు సీటు కింద గోడకి ఆనుకుని ఒకటి దొరికింది: మందుబిళ్ళల ఖాళీ రేకు. పది బిళ్ళలదీ, పదీ మింగేసినదీ. రైలు వంపు తిరిగినప్పుడల్లా రెండంగుళాలు జరిగి మళ్ళీ వెనక్కి వచ్చేది. మా ముందు ఎంతోమంది ఎక్కారు, దిగారు. చుట్టు పూర్తయ్యేసరికి కూడా రేకు అక్కడే ఉంది. నేనూ తియ్యలేదనుకోండి.

"వీళ్ళ పెంపకమే అంత," అని తీర్పు చెప్పేసింది అక్క. రేకు చూపిస్తే, "ఒక్కటేగా," అంది.

పెంపకం మీద నాకంత నమ్మకం లేదు. ఉన్న కాస్తా ఆ శుక్రవారం రాత్రి పోయింది. ఆఖరి రైళ్ళ వేళ. ఒక పెద్ద స్టేషన్లో, టై వదులు చేసుకున్న పెద్దమనిషి స్తంభం పట్టుకుని ప్లాట్‌ఫామ్ మీదే వాంతి చేసుకున్నాడు. జనం చుట్టూ తిరిగి పోతున్నారు. రెండు మూడు నిమిషాల్లో ఒక ఉద్యోగి బకెట్ పట్టుకొచ్చాడు. అందులో రంపపు పొట్టు. గుప్పెళ్ళతో దాని మీద చల్లి, తడి పీల్చుకునేదాకా నిలబడి, చీపురుతో చేటలోకి ఎత్తి, ఆ చోటు మళ్ళీ తుడిచి వెళ్ళిపోయాడు. మొహంలో విసుగూ లేదు, దయా లేదు. పొట్టు బకెట్ సిద్ధంగా ఉందంటే అది రోజూ అవసరమయ్యే వస్తువేనన్నమాట. ఆ రోజు నేను చూసింది శుభ్రంగా ఉండే జనాన్ని కాదు, త్వరగా వచ్చే బకెట్‌ని.

చెత్తబుట్టలు ఎందుకు లేవన్నది కసుమిగసెకి అనే మెట్రో స్టేషన్లో దిగినప్పుడు గుర్తొచ్చి తలవంచుకున్నాను. 1995 మార్చి 20, సోమవారం ఉదయం. ఓమ్ షిన్రిక్యో అనే మతసంస్థ మనుషులు మూడు మెట్రో లైన్లలోని 5 రైళ్ళలో సారిన్ అనే విషద్రవం నింపిన ప్లాస్టిక్ సంచులు పెట్టారు. వాటిని న్యూస్‌పేపర్లలో చుట్టి నేల మీద పడేసి, గొడుగు మొనతో పొడిచి దిగిపోయారు. ఆ మూడు లైన్లూ కలిసేది ఇక్కడే. చూసేవాళ్ళకి అది ఎవరో వదిలేసిపోయిన పేపరు పొట్లం, దానికింద ఏదో ఒలికిన తడి. ఇక్కడి ఉద్యోగులు కూడా రోజూ చేసేదే చేశారు: పొట్లం బయటికి తీశారు, తడి తుడిచారు. ఈ స్టేషన్లో ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. ఏటా అదే రోజు ఉదయం 8 గంటలకి సిబ్బంది ఇక్కడ మౌనంగా నిలబడతారు.

ఆ తర్వాత స్టేషన్లలో చెత్తబుట్టలు మాయమయ్యాయి. కొన్ని తిరిగొచ్చాయి, లోపలేముందో బయటికి కనపడేలా. 2022లో టోక్యో మెట్రో తన స్టేషన్లలో ఉన్నవన్నీ తీసేసింది. నేను నీలం కవర్ మోస్తూ గొణుక్కున్న విసుగంతా ఆ ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాక కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గిందంటే అబద్ధం. అప్పటికి తొక్క వాసన మొదలైంది. దాన్ని హోటల్ గదిలోని బుట్టలో పడేశాను. కవర్‌ని అక్క కడిగి ఆరేసింది.

వారం తర్వాత న్యూయార్క్. మొదటి రోజు ఎక్కిన లైన్ పేరు చెప్పను, పాపం దాని తప్పేం లేదు. బోగీలో ఒక మూల అరడజను సీట్లు ఖాళీగా ఉంటే అదృష్టమనుకుని వెళ్ళాం. అంత రద్దీలో సీట్లు ఊరికే ఖాళీగా ఉంటాయా? నేలంతా ఒలికిన కాఫీ, బంకలా ఆరిపోయింది. అక్క చెప్పు పైకెత్తితే చప్‌మని శబ్దం. ఆ కాఫీ తోవలో ఒక ఖాళీ సీసా దొర్లుకుంటూ బ్రేకు వేస్తే ముందుకీ, బయల్దేరితే వెనక్కీ వెళుతోంది. ప్రయాణికులు దాన్ని చూడకుండానే కాళ్ళు ఎత్తి దారిస్తున్నారు. ఆ నేర్పుకి మెచ్చుకోవాల్సిందే.

"వీళ్ళ పెంపకం..." అని అక్క మొదలుపెట్టింది.

ఇదంతా రాత్రికి సంబంధించిన విషయమని నాకనిపిస్తుంది. టోక్యోలో అర్ధరాత్రి దాటాక రైళ్ళు ఆగిపోతాయి, తెల్లవారుజామున మళ్ళీ మొదలవుతాయి. కడగడానికి, తుడవడానికి ఆ మధ్యలో కొన్ని గంటలు చేతిలో ఉంటాయి. న్యూయార్క్ సబ్‌వే, అంటే అక్కడి మెట్రో, 1904లో మొదలైంది, రాత్రీ పగలూ నడుస్తుంది, 472 స్టేషన్లు. ఇల్లంతా చుట్టాలు తిరుగుతుండగా ఊడ్చడంలాంటిది. కరోనా కాలంలో, 2020 మేలో, రాత్రి ఒంటిగంట నుంచి అయిదింటిదాకా రైళ్ళు ఆపి శుభ్రం చేశారు. ఏడాది తర్వాత, 2021 మేలో, మళ్ళీ రాత్రంతా నడపడం మొదలుపెట్టారు. రాత్రి డ్యూటీలకి వెళ్ళేవాళ్ళకి ఆ రైళ్ళే దిక్కు. తళతళలాడే బోగీ కావాలా, రాత్రి మూడింటికి రైలు కావాలా అంటే నేనూ రైలే అడుగుతాను.

ఎయిత్ స్ట్రీట్ స్టేషన్‌కి మాత్రం పనిగట్టుకుని వెళ్ళాను. అక్కడ చూడ్డానికేం లేదు, రెండు ప్లాట్‌ఫామ్‌లు, ఒక ఇనుప చెత్తబుట్ట. నేను చూడాలనుకున్నది ఆ బుట్టనే. 2011లో ఈ స్టేషన్లోనూ, క్వీన్స్ ప్రాంతంలో ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌లోనూ బుట్టలు ఎత్తేశారు. బుట్ట లేకపోతే జనమే చెత్త ఇంటికి మోసుకుపోతారు, ఎలుకలకి తిండి తగ్గుతుంది, మోయాల్సిన సంచులూ తగ్గుతాయి అని లెక్క. ఆ ప్రయోగం 39 స్టేషన్లకి పాకింది. రాష్ట్ర ఆడిట్ వాళ్ళు 2015లో దాన్ని తప్పుపట్టారు. 2017లో బుట్టలు తిరిగొచ్చాయి. టోక్యోలో మోసినట్టు ఇక్కడెవరూ మొయ్యలేదా అంటే, మోసినవాళ్ళూ ఉండే ఉంటారు. అసలు గొడవ పట్టాల మీద పడే చెత్తతో. కాగితాలు పోగుపడితే ఒక్క నిప్పురవ్వ చాలు మంట లేవడానికి, వెనక రైళ్ళన్నీ ఆగడానికి. పక్కనే కరెంటు పట్టా, 600 వోల్టులు. అందుకే పట్టాల మీది చెత్త పీల్చడానికి వాక్యూమ్ రైళ్ళు తిప్పుతారు.

ఇదంతా అక్కకి వివరిస్తూ బిస్కెట్లు తింటున్నాను. ఆఖరి బిస్కెట్ నోట్లో, రేపర్ చేతిలో. బుట్ట నాలుగడుగుల దూరంలో. సొరంగంలోంచి రైలు వచ్చేముందు దాని గాలి వస్తుంది, పిచికారీలో నీళ్ళని తోసినట్టు. ఆ గాలి నా చేతిలో రేపర్ని లాక్కుని పట్టాల మీద పడేసింది. రైలు వచ్చి ఆగింది, వెళ్ళింది. వెళ్ళాక తొంగి చూశాం. పట్టాల మధ్య నల్లనీళ్ళ కాలవలో పసుప్పచ్చగా నా రేపర్, ఇంగ్లీషు అక్షరాలు పైకి కనపడుతూ. అది చాలదన్నట్టు ఒక ఎలుక వచ్చి వాసన చూసి, నచ్చక పోయింది.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. నేనే అన్నాను, "మన ఇద్దరిదీ ఒకటే పెంపకం కదా?"

"నాది వేరు. నిన్ను గారాబం చేశారు."

వెళ్ళిపోయే ముందురోజు హడ్సన్ నది వెంట నడిచే హడ్సన్ లైన్ రైల్లో కోల్డ్ స్ప్రింగ్ అనే ఊరిదాకా వెళ్ళొచ్చాం. రైలు పొడుగునా కిటికీ పక్కనే నది. అక్కడొక పూట తిరిగి, సాయంత్రం న్యూయార్క్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌కి చేరేసరికి మా బోగీ సీట్ల సందుల్లో కాగితపు కప్పులు, మడిచిన న్యూస్‌పేపర్లు. అందరూ దిగుతున్నారు, మేం సామాన్లు సర్దుకుంటూ వెనకపడ్డాం. చేతికి గ్లవ్స్, పెద్ద సంచి పట్టుకుని ఒకాయన ఎదురొచ్చాడు. వరసకి ఒక చూపు, ఒక వంగడం, సంచిలోకి ఒక విసురు. అడుగు ఆగడం లేదు. ఒక న్యూస్‌పేపర్ దగ్గర మాత్రం ఆగి, ఆఖరి పేజీ చూసి, మడిచి తన వెనక జేబులో పెట్టుకున్నాడు. మా దగ్గరికొచ్చి సంచి నోరు తెరిచి పట్టుకున్నాడు, ఏమైనా ఉందా అన్నట్టు.

ఉంది. నది చూస్తూ తిన్న రెండు అరటిపళ్ళ తొక్కలు, ఆ నీలం కవర్లో. అక్క ముడి విప్పి, తొక్కలు ఆయన సంచిలో దులిపి, కవర్‌ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

"ఇంకా బాగానే ఉంది," అంది నాతో.