మైలబట్టల యాజకుడు

బైబిలులోని జెకర్యా గ్రంథం 3వ అధ్యాయంలో, ఆ ప్రవక్త చూసిన దర్శనంలో, ప్రధానయాజకుడైన యెహోషువ యెహోవా దూత ఎదుట నిలబడి ఉంటాడు. అతని కుడిపక్కన సాతాను ఫిర్యాదిగా నిలిచి ఉంటాడు. అది పారసీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండవ సంవత్సరం, అంటే సుమారు క్రీ.పూ. 519. బబులోను చెరనుండి తిరిగి వచ్చిన జనం, పాడైపోయిన దేవాలయాన్ని మళ్లీ కట్టుకుంటున్నారు. ఈ జనం అర్పించేదంతా అపవిత్రమేనని హగ్గయి ప్రవక్త అంతకు కొద్ది కాలం ముందే తేల్చి చెప్పాడు.

యెహోషువ ఒంటిమీద ఉన్నవి మైలబట్టలు. లేవీయకాండం 16 ప్రకారం ప్రాయశ్చిత్త దినాన ప్రధానయాజకుడు స్నానం చేసి, ప్రతిష్ఠిత నారబట్టలు ధరించి అతిపరిశుద్ధ స్థలంలో అడుగుపెట్టాలి. అలాంటివాడికే మైల అంటితే జనమంతటికీ దేవుని సన్నిధికి దారి మూసుకుపోయినట్టే.

సాతాను ఇక్కడ అబద్ధమాడవలసిన అవసరమే లేదు, ఎందుకంటే బట్టల మైల అందరి కంటికీ కనబడుతూనే ఉంది. అపరాధభావంతో నలిగిపోయేవారిని ఓదార్చబోయి మనం "నీ తప్పేమీ లేదులే" అంటాం గాని, చేసినవాడికి తాను చేసింది తెలుసు కనుక ఆ మాట ఒక్క రాత్రి కూడా నిలవదు. దూత ఆ మాట అనలేదు. "ఇతడు అగ్నిలోనుండి తీసిన కొరవివలెనే యున్నాడుగదా" అని ఫిర్యాది నోరు మూయించాడు. కొరవి కాలినదే, మసిబారినదే. అయినా దాన్ని మంటలోనుండి లాగిన చెయ్యి ఎవరిదన్నదే ఆ సభలో చెల్లింది. యెహోషువ మాత్రం అధ్యాయం మొత్తంలో ఒక్క మాటైనా పలకడు.

నీ దోషాన్ని పరిహరించానని దూత యెహోషువతో చెప్పిన తీర్పుతో విచారణ ముగిసిపోవచ్చు. అయితే తీర్పు అనుకూలంగా వచ్చినా సిగ్గుతో వంగిన తల దానంతట అది లేవదు. అందుకేనేమో, మైలబట్టలు తీసివేయించి ప్రశస్త వస్త్రాలు తొడిగిస్తుండగా, అంతవరకూ దర్శనం చూస్తూ ఉన్న జెకర్యా ఉండబట్టలేక, అతని తలమీద తెల్లని పాగా కూడా పెట్టించమని మనవి చేస్తాడు. చూడవలసినవాడు మధ్యలో కల్పించుకోవడం వింతే గాని, ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా ప్రియమైన చోటు అదే. "యెహోవా పరిశుద్ధుడు" అని చెక్కిన బంగారు రేకును కట్టేది ప్రధానయాజకుని పాగామీదనే. అవమానంతో వంగిన ఆ తలమీదనే ఆ పాగా పెట్టారు.

ఆ మైల ఎక్కడికి పోయిందని అడిగితే క్రైస్తవ విశ్వాసం సిలువను చూపిస్తుంది. అక్కడ సైనికులు యేసు వస్త్రాలు తీసి నాలుగు భాగాలు చేసుకున్నారు, కుట్టులేని అంగీకోసం చీట్లు వేసుకున్నారు. ఆయన "అవమానమును నిర్లక్ష్యపెట్టి" సిలువను సహించాడని హెబ్రీ పత్రిక చెబుతుంది. దేవుడు ఏర్పరచుకున్నవారిమీద నేరం మోపేవాడెవడని పౌలు రోమా సంఘాన్ని అంత ధైర్యంగా అడగగలిగింది ఇందువల్లనే.

మన సంఘాలలో ప్రభుబల్ల, అంటే యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణ, జరిగే ఆదివారం, తాము తగమనుకుని ప్రసంగం ముగియగానే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయేవారున్నారు; రొట్టె పళ్లెం తమ వరుసకు వస్తే ముట్టకుండా పక్కవారికి అందించేవారున్నారు. తన్ను తాను పరీక్షించుకొనవలెనని వ్రాసిన పౌలే వెంటనే "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అన్నాడు. ఆ రెండవ సగం వారికి ఎవరైనా చదివి వినిపించాలి. పడిపోయినవారి విషయంలో ఫిర్యాది పక్కన నిలబడేవారికి సంఘంలో కొదువ లేదు. పాగా కోసం మనవి చేసేవారే అరుదు.

తన మార్గాలలో నడవమన్న యెహోవా ఆజ్ఞ ఈ అధ్యాయంలో 7వ వచనంలో, అంటే బట్టలు మార్చిన తరువాతే వస్తుంది. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానని సుంకపు గుత్తదారుడైన జక్కయ్య చెప్పింది కూడా యేసు తన ఇంటికి వస్తానన్న తరువాతే. కాబట్టి క్షమాపణ పొందినవాడు ఎగ్గొట్టిన అప్పు తీర్చవలసిందే, గాయపరచినవారి గడప తొక్కి క్షమించమని అడగవలసిందే. వారు వెంటనే క్షమించకపోవచ్చు కూడా. అయినా వెళ్లాలి.