ముల్లు ముందా, బండి ముందా

శనివారం. వంటింట్లో నీళ్ల కుళాయి కూడా పొద్దున్నే వేడెక్కింది.

మధ్యాహ్నం పన్నెండు దాటినా ఈరోజు బండి ఆగలేదు. ఆగడం లేదని ఏడుపు రావడం ఇదే మొదటిసారి. పది రోజులుగా ఎక్కడ పడితే అక్కడ ఆగి నా పరువు తీసింది. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటే మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా ఒద్దికగా నడిచింది.

మొదటిసారి ఆగింది వారధి మీద. గుంటూరులో పేపర్లు దిద్దే డ్యూటీ అయ్యాక విజయవాడ వస్తున్నాను. ఇంజను దగ్గలేదు, కుదపలేదు, ఊరికే ఊపిరి వదిలేసింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. ఇంజను ఆగాక బ్రేకు ఒకటి రెండుసార్లే మెత్తగా పడుతుంది, ఆ తర్వాత నిలబడి తొక్కినట్టు తొక్కాలి. ఆ ఒకటి రెండూ వృథా చేసుకోకుండా న్యూట్రల్ చేసి, నాలుగు ఇండికేటర్లూ వేసి ఎడమ పక్కకి జరిగాను. తాళం మాత్రం తియ్యలేదు. కదులుతున్న బండిలో తాళం తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుందని డ్రైవింగ్ నేర్పిన రోజే నాన్న తిట్టి మరీ చెప్పారు. సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. ఇరవై నిమిషాలు ఎండలో నిలబడ్డాక, తనకేమీ తెలియనట్టు స్టార్టయింది.

రెండోసారి కాజ టోల్ గేటు దాటాక. మూడోసారి బెంజి సర్కిల్లో, సరిగ్గా సిగ్నల్ పడే ముందు. అక్కడ నన్ను చూసి నవ్వినవాళ్లలో నా స్టూడెంట్ కూడా ఉన్నాడు.

మా వీధి చివరి షెడ్డులో ప్లగ్గులు మార్చారు. తగ్గలేదు. థ్రాటిల్ బాడీలో మసి తుడిచారు. తగ్గలేదు. పెట్రోలు పంపు పోయిందని కొత్తది వేశారు. ఎంతయిందో ఇక్కడ రాయను, మా ఆయన ఈ డైరీ చదువుతారు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి, బండిలోని కంప్యూటర్ రాసిపెట్టుకున్న తప్పుల కోడ్లు చదివే స్కానర్ తగిలించి, "కోడ్ ఏమీ లేదు మేడమ్, అంటే ప్రాబ్లం లేనట్టే" అన్నాడు ఆ అబ్బాయి. జ్వరం దిగాక థర్మామీటరు పెట్టి, నీకసలు జ్వరమే రాలేదు పొమ్మన్నట్టుంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మొత్తం వినకుండానే, "పంపు మీద తడిగుడ్డ వెయ్యమ్మా, అదే పోతుంది" అన్నారు. ఆయన అంబాసిడర్ నాటి వైద్యం అది. అప్పట్లో పంపు ఇంజను పక్కనే ఉండేది. ఎండాకాలంలో పెట్రోలు పైపులోనే ఆవిరై బుడగలు కట్టి, పంపు ఎంత కొట్టుకున్నా కార్బురేటర్‌కి చుక్క అందేది కాదు. తిరుపతి వెళ్లిన ప్రతిసారీ దారిలో మా అమ్మ తువ్వాలు ఒకటి ఆ పంపుకి బలయ్యేది. "ఇప్పుడు పంపు వెనక సీటు కింద ట్యాంకులో ఉంటుంది నాన్నా" అంటే, "అక్కడెందుకు పెట్టారు?" అని కోప్పడ్డారు, పెట్టింది నేనే అన్నట్టు.

పొద్దున ఆటోనగర్‌కి వెళ్లాను. మా కాలేజీ అటెండరు చెప్పిన షెడ్డు. అరవై దాటిన పెద్దాయన, స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నారు. బోనెట్ ఎత్తబోతే వద్దన్నారు.

"ముందు చెప్పమ్మా. ఆగినప్పుడు ఆర్‌పీఎం ముల్లు ముందు పడిందా, బండి ముందు ఆగిందా?"

నేను కెమిస్ట్రీ చెప్పేదాన్ని. అబ్జర్వేషన్ రాయని రికార్డు మీద సంతకం పెట్టను. ఈ బండికి కూడా ఒక కాగితం మీద పట్టిక గీసి పెట్టుకున్నాను: తేదీ, టైము, ఎన్ని కిలోమీటర్లు నడిచాక, ఏసీ ఉందా లేదా, ట్యాంకులో పెట్రోలెంత. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించే ఆ ముల్లు సంగతి అందులో లేదు. కళ్లెదురుగా ఉన్నదాన్నే చూడలేదు.

ఆయన కాగితం తీసుకుని అద్దాలు పెట్టుకుని చదివారు. మూడుసార్లూ మధ్యాహ్నమే, మూడుసార్లూ అరగంట దాటి నడిచాకే. "వేడికొచ్చే రోగం. పద, తెప్పిద్దాం" అని ఎడమ సీట్లో కూర్చున్నారు.

బందరు రోడ్డు పట్టుకుని కానూరు, పోరంకి మీదుగా కంకిపాడు దాకా వెళ్లాం. ఆగలేదు. వెనక్కి తిరిగాం. ఆగలేదు. ఏసీ పెంచమంటే పెంచాను. చెరకు రసం బండి దగ్గర ఇంజను ఆపకుండానే నిలబెట్టించి, ఇద్దరం తాగాం. గాలి తగలకుండా నిలబడితే బోనెట్ కింద బాగా ఉడుకుతుందట. ఆయన రెండో గ్లాసు కూడా తీసుకున్నారు, పరీక్షలో భాగమేమో అనుకున్నాను.

మళ్లీ పోరంకి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఈసారి నా చూపు ముల్లు మీదే ఉంది. బండి ఇంకా నలభైలో పరిగెడుతోంది, ముల్లు మాత్రం టక్కున సున్నా మీద పడింది. "పడింది!" అని అరిచాను, లాటరీ తగిలినట్టు.

"అదమ్మా. పెట్రోలు అందకపోతే ముందు దగ్గుతుంది, గుంజుకుంటుంది, ముల్లు బండితో పాటు దిగుతుంది. గేరులో ఉన్నంతసేపూ చక్రాలే ఇంజన్ని తిప్పుతుంటాయి కదా. తిరిగే ఇంజనుకి సున్నా చూపించిందంటే, తిరుగుతున్నట్టు కంప్యూటరుకి కబురే అందట్లేదు."

రోడ్డు పక్కనే మిగతాది తేల్చారు. తాళం ఆన్ చేస్తే వెనక నుంచి పంపు రెండు సెకన్లు గుయ్యిమంది, అంటే అది బాగానే ఉంది. సెల్ఫ్ కొడుతూ స్కానర్ చూస్తే ఆర్‌పీఎం సున్నా. అప్పుడాయన వాటర్ బాటిల్‌తో గుడ్డ తడిపి, గేర్‌బాక్స్ దగ్గర బొటనవేలంత నల్లటి ముక్క మీద కప్పారు. పేరు క్రాంక్ సెన్సర్. రెండు నిమిషాలాగి సెల్ఫ్ కొట్టమన్నారు. అందుకుంది.

షెడ్డుకి వచ్చాక విప్పి చూపించారు. క్రాంక్ అంటే ఇంజనులో తిరిగే ఇరుసు, దాంతో పాటు తిరిగే పళ్లచక్రం ఒకటి ఉంటుంది. అరవై పళ్లకి చోటుంటే రెండు వదిలేసి యాభై ఎనిమిదే పెడతారట, ఆ ఖాళీ ఎదురొచ్చిన ప్రతిసారీ ఒక చుట్టు పూర్తయినట్టు లెక్క. పళ్లు దాటుతుంటే సెన్సర్ లోపలి తీగచుట్టలో కరెంటు పుడుతుంది. ఆ లెక్క చూసుకునే కంప్యూటర్ పెట్రోలు చిమ్మిస్తుంది, నిప్పురవ్వ కొట్టిస్తుంది. లెక్క తప్పితే రెండూ ఒకేసారి బంద్. అందుకే దగ్గైనా లేకుండా ఆగింది. తలవెంట్రుకంత తీగ లోపల ఎక్కడో చిట్లి ఉంది. చల్లగా ఉంటే చివర్లు తగులుతాయి, వేడికి ప్లాస్టిక్ సాగితే విడిపోతాయి. మీటరు పెడితే 900 ఓమ్‌ల చిల్లర చూపించింది. హెల్పర్ కుర్రాడు హీట్ గన్‌తో కాస్త వెచ్చబెట్టగానే మీటరు చేతులెత్తేసింది. ఆ క్షణం నాకు కాలేజీ ల్యాబ్ గుర్తొచ్చి భలే సంతోషమేసింది.

కోడ్ ఎందుకు రాలేదని అడిగాను. ఆగిన కాసేపటికే చల్లారి బాగయ్యేదాన్ని కంప్యూటర్ ప్రతిసారీ రాసిపెట్టుకోదన్నారు. రాసుంటే పీ 0335 అని వచ్చేదట. "వస్తే నా దగ్గరికెందుకొస్తావులే" అన్నారు.

చవక సెన్సర్ కూడా దొరుకుతుందట, వద్దని కంపెనీదే తెప్పించారు. పంపుకి అయినదాంట్లో పావు వంతు కాలేదు. సాయంత్రం ఒక్కదాన్నే మళ్లీ కంకిపాడు దాకా వెళ్లొచ్చాను. ఆగలేదు. సోమవారం వారధి మీద ఎలాగూ గుండె పీచుపీచుమంటుంది, ముల్లు చూస్తూ ముందున్న ఆటోని గుద్దకుండా ఉంటే చాలు.

ఇంటికొచ్చి నాన్నకి ఫోన్ చేసి అంతా వివరంగా చెప్పాను. పళ్లచక్రం, తీగ, ఓమ్‌లు, అన్నీ. ఆయన విన్నది మాత్రం ఒక్కటే.

"తడిగుడ్డ వేశాడా లేదా?"

"వేశారు నాన్నా."

"మరి నేనేం చెప్పాను?" అని ఫోన్ అమ్మకిచ్చేశారు.