నాన్న దరఖాస్తుకు నంబరు పడింది

ఓడల పనిలో వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుకు పరిహారం కోరుతూ నాన్న పెట్టిన దరఖాస్తు మీద నిన్న మధ్యాహ్నం ముద్ర వేసి, కేసు నంబరు రాసి ఇచ్చారు. పరిహారం ఇంకా రాలేదు. అయినా ఆ నంబరు కోసమే పద్నాలుగు నెలలు తిరిగాం కాబట్టి, అలసట తీరకముందే ఇది రాస్తున్నాను. మా వైపు నుంచి విశాఖ ఓడల పనికి వెళ్లిన కుటుంబాలకు పనికొస్తుంది.

మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. నాన్న 1979 నుంచి 1996 దాకా విశాఖలో ఓడల మరమ్మతు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేశాడు. ఇంజను గదిలో ఆవిరి పైపుల వేడి బయటికి పోకుండా చుట్టే తొడుగును లాగింగ్ అంటారు. పాతదాన్ని సుత్తీ ఉలీ పెట్టి కొట్టి ఊడదీయాలి, కొత్తది కట్టాలి. అప్పట్లో అందులో ఉండేది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. గాలి ఆడని ఆ అడుగున, బల్బు వెలుగులో ధూళి తెల్లటి మంచులా నిలిచిపోయేదట. ముక్కుకు అడ్డం తువ్వాలు, అంతే. వెల్డింగు నిప్పురవ్వలు పడకుండా పరిచే రాతినార దుప్పటి ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక దాని మీదే నడుం వాల్చేవాళ్లు. మెత్తగా ఉండేదని నాన్న ఇప్పటికీ చెబుతాడు. శనివారం రాత్రి ఆ బట్టలతోనే పాసింజరెక్కి ఇంటికి వచ్చేవాడు. తెల్లారి అమ్మ వాటిని బావి దగ్గర దులిపి ఉతికేది.

ఆ నార పోగులు కంటికి ఆననంత సన్నం. ఊపిరితిత్తుల్లోకి దిగాక చాలావరకు అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. జబ్బు బయటపడటానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టవచ్చు. మీసోథీలియోమా అనే క్యాన్సరుకైతే నలభై ఏళ్లు కూడా పడుతుంది. నాన్నకు ఆయాసం మొదలైంది 2019లో, పని మానేసిన ఇరవై మూడేళ్లకు.

కఫంలో క్రిమి లేకపోయినా ఒక ఆస్పత్రిలో ఆరు నెలలు క్షయ మందులు మింగించారు. ఇంకోచోట ఉబ్బసం అన్నారు. ముగ్గురు వైద్యుల్లో ఒక్కరూ ఏం పని చేశావని అడగలేదు. విశాఖలో నాలుగో ఆయన మొదట అడిగిందే అది. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల పైపొర మీద సున్నం పేరుకున్న మచ్చలు కనిపించాయి. ఆస్‌బెస్టోసిస్, అంటే రాతినార వల్ల ఊపిరితిత్తి గట్టిపడే జబ్బు అని, పదిహేడేళ్ల పని వివరంతో సహా రాసిచ్చారు. చట్టం ప్రకారం ఈ జబ్బు కనబడితే ప్రధాన తనిఖీ అధికారికి వైద్యుడే తెలపాలి. మీ వైద్యుణ్ని ఆ మాట గట్టిగా అడగండి.

ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా ఉన్నవాళ్ల దారి వేరు, వాళ్లు అక్కడి వైద్య మండలికి వెళ్లాలి. నాన్నకు ఆ కార్డు ఎన్నడూ ఇవ్వలేదు. అందుకని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద దరఖాస్తు పెట్టాం. దాని మూడో షెడ్యూలులో ఆస్‌బెస్టోసిస్ పేరు స్పష్టంగా ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. మొదటిసారి ఫొటోలు తక్కువన్నారు. రెండోసారి అధికారి లేరు. మూడోసారి నాన్నను తీసుకురమ్మన్నారు. ఆ మేడ మెట్లు ఎక్కడానికి నాన్న మూడుసార్లు ఆగాడు.

గుమాస్తా వైద్యుడి కాగితం చదువుతూ ఒకచోట వేలు పెట్టి ఆగాడు.

"చుట్ట తాగుతావా పెద్దాయనా?"

"తాగేవాణ్ని బాబూ. ఊపిరాడక మానేశాను."

"ఎన్నేళ్లు తాగావు?"

"పదిహేనో ఏట మొదలుపెట్టాను."

గుమాస్తా బల్లల మీద కూర్చున్నవాళ్ల వైపు తిరిగి, అందరికీ వినబడేలా అన్నాడు: "చూశారా? చుట్టలు కాల్చి ఒళ్లు పాడుచేసుకుంటారు, యజమాని డబ్బివ్వాలంటారు. రేపు సారా తాగినవాడూ వస్తాడు." ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమట పట్టలేదు. "పద, ఇంటికి పోదాం" అన్నాడు. నాకు అప్పటికి సమాధానం తెలియదు. తలవంచుకుని వచ్చేశాను. ఆ రాత్రి ఇద్దరమూ అన్నం తినలేదు.

ఆ సమాధానం తర్వాత వైద్యుడి దగ్గర రాయించుకున్నాను. చుట్ట ఆయాసం పెంచి ఉండవచ్చు, కానీ దానివల్ల ఆస్‌బెస్టోసిస్ రాదు. పైపొర మీది ఆ మచ్చలకు కారణం చుట్ట కాదు. పైగా పొగతాగే అలవాటుకు రాతినార తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ సంగతి పనిలో పెట్టుకున్న రోజునే నాన్నకు చెప్పి ఉండాల్సింది. పదిహేడేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పని యజమానిని వదిలేసి నిలబడలేని ముసలివాణ్ని నిలదీయడం అన్యాయం.

తర్వాత, పనిచేసినట్టు ఆధారం ఏదన్నారు. కాంట్రాక్టరు చనిపోయాడు. రిజిస్టర్లు ఎప్పుడో చెదలు తిన్నాయని కొడుకు చెప్పాడు. రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులు పని మొదలైన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఉంచాలని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. నాన్న లెక్కన ఆ గడువు 2019తో తీరింది. ఆయాసం మొదలైందీ ఆ ఏడే.

ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి పట్టుచీర మడతలో, అమ్మ దాచిన గేటు పాసు దొరికింది. ఫొటోలో నాన్న కళ్లూ మీసం తప్ప మిగతాది చెరిగిపోయింది, సంతకం కింద 1984 మాత్రం చదవగలిగేలా ఉంది. దానితో ఒక పీఎఫ్ చీటీ, గరివిడి వైపున్న ఇద్దరు పాత తోటివాళ్ల ప్రమాణపత్రాలు జతచేశాను. కార్యాలయం బయట చెట్టు కింద దరఖాస్తులు రాసేవాడు 3,000 రూపాయలు తీసుకుని చట్టం పేరే తప్పు రాశాడు, వాళ్ల జోలికి పోకండి. ఇంటర్ చదివిన నేనే చట్టం మూడుసార్లు చదివి సొంతంగా రాశాను. కాంట్రాక్టు కూలీకి, కాంట్రాక్టరుకు పని అప్పగించిన అసలు యజమాని కూడా బాధ్యుడని ఆ 1923 చట్టం 12వ సెక్షనులో ఉండేది. దరఖాస్తుకు పెట్టిన రెండేళ్ల గడువు దాటినా తగిన కారణం ఉంటే, ఆ కేసులు వినే అధికారి అయిన కమిషనరు తీసుకోవచ్చని కూడా అందులో ఉండేది. ఆలస్యానికి కారణం వేరే కాగితం మీద రాసి పెట్టాను. నిన్న కొత్త గుమాస్తా ఉన్నాడు, మొత్తం చదివి తీసుకున్నాడు.

సోమవారం అమ్మకు ఎక్స్‌రే తీయించాలి. ఓడ ఎన్నడూ ఎక్కని నాకెందుకు అంటోంది. పదిహేడేళ్లు ఆ బట్టలు దులిపింది తనే. రెండు టికెట్లు తీసుకున్నాను.