ఐసు వాన, కుంపటి పంచాయితీ

రోహిణీ కార్తెలో, రోళ్లు పగిలే ఎండలో కూర్చుని ఐసు తుఫాను గురించి రాస్తున్నా. నెల్లూరు దగ్గర కోవూరులో అమ్మ వాళ్లింట్లో కరెంటు పోయి గంటైంది. చిన్నోడు విసనకర్ర తిరగేసి వాళ్లక్కను కొడుతున్నాడు. వరండాలో అమ్మ పక్కింటి పిన్నికి "అంత దూరం నుంచి మా మనవరాలు నన్నే కోప్పడింది" అని అదే కథ నాలుగోసారి చెబుతోంది, అదీ సగం తప్పుగా. అందుకే నేనే రాసేస్తున్నా.

2023 ఫిబ్రవరి 1, అమెరికాలో మేముండే టెక్సాస్‌లోని ఆస్టిన్. మా ఆయన ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్లి, విమానాలు రద్దయి అక్కడే ఇరుక్కుపోయారు. రాత్రంతా పడింది మంచు కాదు, వానే. నేల దగ్గర చలి సున్నా కంటే కిందకి పోవడంతో ఆ వాన తగిలిన చోటల్లా గడ్డ కట్టేసింది. మా వీధి నిండా లైవ్ ఓక్ చెట్లు, అవి చలికాలంలోనూ ఆకు రాల్చవు, దాంతో ఒక్కో ఆకుకీ గాజు తొడిగినట్టు ఐసు పట్టి, ఆ బరువు మోయలేక కొమ్మలు ఫటేల్‌మని విరిగి తీగల మీద పడుతున్నాయి. ఏడింటికి కరెంటు పోయింది. మా హీటరు గ్యాసుదే, కానీ అందులో ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలి కదా!

అమ్మకి ఫోన్ చేశా. అక్కడ సాయంత్రం ఆరున్నర. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయినప్పుడు చీకట్లో గడిపిన మనిషి, ఆమెకి ఇవన్నీ లెక్కలోవి కావు. "ఏందిమే, ఏడుస్తా కూర్చుంటే పని అవతాదా? ముందు బిందెలు నింపు" అంది. అంతకు రెండేళ్ల ముందు చలికి నీళ్లు కూడా ఆగిపోయిన అనుభవం ఉంది కాబట్టి బకెట్లు, స్నానాల టబ్బు, ఆఖరికి ఇడ్లీ గిన్నె కూడా నింపేశా. అందరూ ఒకే గదిలో పడుకోమంది, సరే. ఫ్రిజ్‌లోవి పాడైపోతాయి, అన్నీ వండెయ్యమంది. పెరడే పెద్ద ఫ్రిజ్ అమ్మా, పాలు, చికెన్ వెనక మెట్ల మీద పెట్టేశా అంటే, పిల్లి సంగతేంటని అడిగింది!

తర్వాత, "బయట బొగ్గుల పొయ్యి ఉందన్నావుగా, లోపలికి తెచ్చుకుని తలుపులేసుకోండి" అంది. చలికి బుర్ర పనిచెయ్యలేదో ఏమో, నేను నిజంగానే తేవడానికి లేచా.

మా పెద్దదానికి పదకొండేళ్లు. అమ్మమ్మతో ఫోన్లో "బాగున్నా, తిన్నా, బై" తప్ప నాలుగో మాట ఉండదు. అది గబుక్కున ఫోన్ లాక్కుని, "అమ్మమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి? వద్దంటే వద్దు! బొగ్గు నుంచి గ్యాస్ వస్తుంది, దానికి వాసన లేదు, మనం నిద్ర పడతాం, మళ్లీ లేవం" అంది.

అంతకుముందు ఒక్కసారీ చెప్పలేదు, అయినా "ఎన్నిసార్లు చెప్పాలి" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. శనివారాలు కూర్చోబెట్టి గుణింతాలు దిద్దిస్తే ఒంటబట్టని తెలుగు, నేను తిట్టేటప్పుడు మాత్రం పొల్లు పోకుండా పట్టేసింది. ప్రేమగా మాట్లాడాలంటే మా ఇంట్లో ఇంగ్లీషు, కోపమొస్తే తెలుగు. మరి దానికి వేరే తెలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది?

"మేం పెరిగిందంతా కుంపటి పక్కనేలే" అని అమ్మ మూతి ముడిచింది. అమ్మ పెరిగింది పెంకుటింట్లో, పొగంతా పెంకుల సందుల్లోంచి పోయేది. మా ఇల్లు డబ్బా మూత బిగించినట్టుంటుంది. 2021 చలిలో టెక్సాస్‌లో ఇలాగే బొగ్గులు లోపల వెలిగించుకుని ప్రాణాల మీదకి తెచ్చుకున్నవాళ్లున్నారు. అదంతా నేను విడమరిచి చెప్పేలోపే, అమ్మ కాసేపు ఊరుకుని "సర్లే, దాని మాట విను" అంది.

దేవుడి దగ్గరి అగ్గిపెట్టెతో గ్యాసు పొయ్యి వెలిగించి చారు పెట్టి, అన్నం వండి, తిన్నాక ఆర్పేశా. ఫోన్ చార్జింగ్‌కి కారు బయటికి తీసి మరీ స్టార్ట్ చేశా, గ్యారేజీలో వద్దని అదే చెప్పింది. రాత్రి ముగ్గురం ఒకే బొంతలో దూరాం. కరెంటు మర్నాడు సాయంత్రం వచ్చింది.

ఇదిగో, వరండాలో కథ మళ్లీ మొదలైంది. ఈసారి బొగ్గులొద్దని చెప్పింది అమ్మేనట. లోపల్నుంచి మా పెద్దది అరుస్తోంది, "అమ్మమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?"