“అసభ్యంగా ప్రవర్తించాడు” అని రాస్తే సరిపోదు

మా అక్క కూతురికి 21 ఏళ్లు, నెల్లూరులో వేదాయపాలెం వైపు కంప్యూటర్ కోర్సుకి పోతా ఉంటది. పోయిన నెల ఒక రోజు మధ్యాహ్నం రెండున్నరప్పుడు, ఎండకి రోడ్డు మీద మనిషి లేడు, స్కూటీ మీద హెల్మెట్ పెట్టుకున్నోడు ఒకడు పక్కకొచ్చి ఆపి మాగుంట లేఅవుట్‌కి ఎట్టా పోవాల అని అడిగాడంట, ఇది చెయ్యి చాపి దారి చెప్పి తల తిప్పి చూసేసరికి వాడు ప్యాంటు జిప్ తీసి చూపిస్తా కూర్చోని ఉండాడు. పైగా “చూడు” అన్నాడంట. ఇది చేతిలో ఫైలు కింద పడేసి ఎదురుగా ఉన్న బేకరీలోకి పరిగెత్తింది, వాడు వెళ్లిపోయాడు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు, కానీ అది వారం రోజులు క్లాసుకి పోలేదు.

అక్క అన్న మొదటి మాట “చెయ్యి ఏమన్నా వేశాడా? లేదు కదా, వదిలెయ్, నలుగురికీ తెలిస్తే మనకే కదా” అని. అక్కని తప్పు పట్టను, మా అమ్మ మాకూ అదే చెప్పింది, నాకు పదహారేళ్లప్పుడు ఆత్మకూరు బస్టాండ్‌లో ఇట్టాంటిదే జరిగితే. కానీ నేను 16 ఏళ్లుగా కోర్టు దగ్గర టైపు సెంటర్లో పని చేస్తా ఉండా, ఫిర్యాదులూ అఫిడవిట్లూ కొట్టీ కొట్టీ ఏ సెక్షన్ ఏందో కొంచెం తెలుసు, అందుకే దాన్ని వెంటబెట్టుకోని స్టేషన్‌కి పోయా. ఏ స్టేషనో చెప్పను.

స్టేషన్‌లో రైటర్, అంటే ఫిర్యాదులు రాసుకునే పోలీసాయన, అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. “ముట్టుకున్నాడా అమ్మా?” లేదు సార్ అంది. “మరి కేసేముంది, బండి నంబర్ ఉంటే చెప్పు, పిలిపించి గట్టిగా చెప్తాం” అన్నాడు. మాటలో కోపం లేదు, ఎగతాళి లేదు, నిజంగానే కేసు లేదనుకున్నాడు. మా పిల్ల ఇంటి దగ్గర రాసుకొచ్చిన కాయితం చేతికిచ్చింది. రెండు లైన్లు. “గుర్తు తెలియని వ్యక్తి నాతో అసభ్యంగా ప్రవర్తించాడు. తగు చర్య తీసుకోగలరు.”

ఆ లైను నేను నా చేత్తో ఎన్ని వందల సార్లు కొట్టి ఉంటానో. బస్సులో బూతులు తిట్టినా అదే మాట, మీద చెయ్యేసినా అదే మాట, తాగొచ్చి వాకిట్లో లుంగీ ఎత్తి చూపించినా అదే మాట. మర్యాదగా ఉంటదని మనం వాడే మాట, కానీ చట్టంలో ఇవన్నీ వేరు వేరు నేరాలు, శిక్షలు వేరు, రాసింది చదివి సెక్షన్ వేసేవాళ్లకి జరిగింది ఏందో ఆ లైను నుంచి తెలియదు. తెలియనప్పుడు ఏం చేస్తారు, అన్నిటికన్నా చిన్న సెక్షన్ వేస్తారు, లేకపోతే అసలు వెయ్యరు.

ఆ చిన్న సెక్షన్ ఏందంటే భారతీయ న్యాయ సంహితలో 296. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చింది, అంతకు ముందు ఐపీసీలో 294. పబ్లిక్ ప్లేస్‌లో పక్కనోళ్లకి చికాకు కలిగేట్టు అశ్లీలమైన పని చేస్తే మూడు నెలల దాకా జైలు, లేదంటే వెయ్యి రూపాయల దాకా ఫైను, లేదంటే రెండూ. ఇందులో నాకు నచ్చనిది శిక్ష చిన్నదని ఒకటే కాదు. ఈ సెక్షన్ ప్రకారం ఇబ్బంది పడింది రోడ్డు, ఆ దారిన పోయే జనం. మా పిల్ల ఆడ ఎవరూ కాదు, చూసిన ఒక మనిషి అంతే.

79వ సెక్షన్ అట్టా కాదు, పాత 509 అంటే చాలామందికి తెలుస్తది. ఒక ఆడమనిషి మర్యాదకి భంగం కలిగించాలనే ఉద్దేశంతో మాట అన్నా, సైగ చేసినా, ఆమె చూడాలని దేన్నైనా చూపించినా మూడేళ్ల దాకా సాధారణ జైలు, ఫైను కూడా. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో చట్టం మార్చేదాకా ఇది ఒక్క ఏడాదే. చెయ్యి వెయ్యాలని ఈ సెక్షన్ యాడా అడగదు. వాడు చూపించింది ఆమె చూడాలనే చూపించాడా అన్నదే అడుగుతది. దారి అడిగి, తల తిప్పేదాకా ఆగి, “చూడు” అన్నోడి ఉద్దేశం ఏందో ఇంకెవరన్నా వచ్చి చెప్పాలా?

ఇది రాయకపోతే ఏమవుతది అంటే, ఎప్పుడన్నా వాడు దొరికినప్పుడు “ఒంటేలుకి ఆగా సార్, ఆ అమ్మాయే చూసింది” అంటాడు. ఈ మాట నేను కోర్టు కాయితాల్లో చదివా. గోడ పక్కన నిలబడి పోసుకునేది కూడా తప్పే గానీ అది ఈ నేరం కాదు, రెండిటికీ తేడా ఉద్దేశంలోనే ఉంది, ఆ ఉద్దేశం కనపడేది మనం రాసే చిన్న చిన్న సంగతుల్లోనే. ఎంత దూరంలో ఉండాడు, మొహం ఎటు పెట్టాడు, ఏం అన్నాడు, చెయ్యి యాడ ఉంది, నువ్వు పక్కకి జరిగితే వాడూ జరిగాడా.

అందుకే స్టేషన్ బయట వేపచెట్టు కింద బల్ల మీద కూర్చోని మళ్లీ రాయించా. టైమూ, చోటూ, స్కూటీ రంగూ, వాడి చొక్కా అన్నీ గబగబా రాసేసింది, ఆ ఒక్క మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. కాయితం మీద పెన్ను ఆనిచ్చిన చోట ఇంకు చుక్క పెద్దదవుతా ఉంది. “పిన్నీ, ఈ మాట నేను ఎట్టా రాసేది, లోపల అందరూ చదవతారు కదా” అంది. రాయి తల్లీ, సిగ్గుపడాల్సింది వాడు, నువ్వు కాదు అన్నా. ‘మర్మాంగం’ అని రాసింది, రాసి ఆ లైను మీద ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునే మిగతాది పూర్తి చేసింది.

ఇంకోటి కూడా తెలిసుండాల. 79 లాంటి కేసుల్లో ఆడమనిషి చెప్పేది మహిళా పోలీసో, ఇంకో మహిళా అధికారో రాసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చింది) 173లో ఉంది, ఇది మా ఏరియా కాదు అని తిప్పి పంపే వీల్లేదని కూడా అందులోనే ఉంది, ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలని కూడా. తీసుకోకపోతే ఎస్పీకి రాసి పంపొచ్చు, అక్కడా కాకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. నేను 173 అన్నాక రైటర్ కాసేపు నా మొహం చూసి లోపలికి పోయి మహిళా కానిస్టేబుల్‌ని పిలుచుకొచ్చాడు. ఆ అమ్మాయి చాలా ఓపిగ్గా రాసుకుంది, ఆమెకి నిజంగా దణ్ణం పెట్టాల.

పిల్లకాయల విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. 2012 పోక్సో చట్టం 11వ సెక్షన్‌లో ‘శరీర భాగం’ చూపించడం అనే మాటే ఉంది, దానికీ మూడేళ్ల దాకా శిక్ష, 18 ఏళ్ల లోపు ఆడపిల్లయినా మగపిల్లోడైనా ఒకటే. స్టేట్‌మెంట్ ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వచ్చే పోలీసు యూనిఫాంలో రాకూడదు. తెలిసి కూడా చెప్పకుండా దాచిన పెద్దోళ్లది కూడా నేరమే, అమ్మానాన్నలతో సహా. పెద్దోళ్ల చట్టంలో కూడా ఆ ‘శరీర భాగం’ అనే మాట నేరుగా రాసుంటే ఎంత బాగుండేది అనిపిస్తది నాకు. 79 ఆడోళ్లకి మాత్రమే, ఇదే పని పెద్ద వయసు మగమనిషి ముందు చేస్తే మిగిలేది ఆ 296 ఒక్కటే, అది కూడా అన్యాయమే.

ట్రంకు రోడ్డు మీద ఒకప్పుడు ఒంటి మీద గుడ్డ లేకుండా ఒకాయన తిరగతా ఉండేవాడు, మతి స్థిమితం లేదు, కుర్రోళ్లు రాళ్లేసే వాళ్లు. ఆయన చేసింది ఈ నేరం కిందికి రాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అట్టాంటి మనిషిని పోలీసులు కాపాడి 24 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి తీసకపోవాల, లాకప్‌లో పెట్టకూడదు. ఈ ఇద్దరినీ ఒక గాటన కట్టి “పిచ్చోళ్లు, వదిలెయ్” అంటారే, అది రెండు వైపులా అన్యాయం. స్కూటీ మీద హెల్మెట్ తియ్యకుండా వచ్చినోడికి మతి బాగానే ఉంది, మొహం దాచుకోవాలని తెలుసు కదా.

రైల్లో జరిగితే రైల్వే చట్టం 145 కూడా ఉంది, ఆరు నెలల దాకా జైలు, 139కి ఫోన్ చెయ్యొచ్చు. బయట ఎక్కడైనా 112.

మా పిల్ల కేసు 79 కింద, 296 కూడా కలిపి కట్టారు. బేకరీ ఆయన్ని మేమే పోయి బతిమలాడితే ఆ రోజు కెమెరా రికార్డింగ్ పక్కన పెట్టాడు, కొన్ని రోజులైతే దాని మీదే కొత్తది ఎక్కిపోద్దంట, కాబట్టి ముందు అది చూసుకోండి. బండి నంబర్‌లో ఆఖరి రెండు అంకెలు కనపడతా ఉన్నాయి. వాడు ఇంకా దొరకలేదు. ఎఫ్ఐఆర్ కాపీ అక్క బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది, మా పిల్ల సోమవారం నుంచి క్లాసుకి పోతా ఉంది, అదే రోడ్డున.