నా దద్దుర్లు, వంకాయ మీద నింద

దద్దుర్లు మొదటిసారి వేసవి సెలవుల్లో వచ్చాయి. రాత్రి నడుం చుట్టూ ఎర్రగా పొంగాయి, ఒకటే దురద. తెల్లారేసరికి మచ్చ కూడా లేదు. ఆ రోజు వంకాయ కూర తిన్నాను కాబట్టి "వంకాయ పడలేదే నీకు" అని అమ్మ తేల్చేసింది. మానేశాను. అయినా వచ్చాయి. దాంతో గోంగూర, ఆ తర్వాత రొయ్యలు, గుడ్లు, వేరుశెనగలు ఒక్కొక్కటే వంటింట్లోంచి వెళ్లిపోయాయి. దసరా నాటికి చారన్నం, పెరుగన్నం మిగిలాయి. దద్దుర్లు మాత్రం రోజూ దీపాలు పెట్టే వేళకి తప్పకుండా వచ్చేవి.

మందుల షాపులో ఇచ్చిన క్లోర్‌ఫెనిరమైన్ మాత్రతో దురద తగ్గేది కానీ, మర్నాడు రెండో పీరియడ్‌లో హాజరు వేస్తూ కునికిపాట్లు పడ్డాను. పిల్లలు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆరు వారాలు దాటినా ఇలా వస్తుంటే చాలామందిలో తిండి కారణం కాదని ఆవిడ మొదటి రోజే అన్నారు. నేను వినలేదు, పరీక్ష చేయాల్సిందేనని పట్టుబట్టాను. "అయితే వారం ముందు నుంచి ఆ మాత్ర ఆపాలమ్మా" అన్నారు. ఆ ఏడు రాత్రులూ చేతులకి తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నాను.

పరీక్షలో నొప్పేమీ లేదు. ముంజేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర ఒక్కో ద్రవం చుక్క వేసి, చిన్న సూదిమొనతో గుచ్చారు. మొదటిది ఉత్త సెలైన్, చివరిది హిస్టమిన్. 15 నిమిషాలు గోకకూడదు! గోడ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి వంకాయ లేవలేదు, రొయ్య లేవలేదు. హిస్టమిన్ చుక్క ఒక్కటే దోమ కుట్టినట్టు పొంగి, చుట్టూ ఎర్రబడింది. నర్సు స్కేలు పెట్టి కొలిచింది.

"చూశారా, ఇదే నాకు ఎలర్జీ" అన్నాను ఉత్సాహంగా. డాక్టర్ గారు నవ్వారు. అది అందరికీ లేస్తుందట. లేవకపోతే హిస్టమిన్‌ని అడ్డుకునే ఆ మాత్ర ప్రభావం ఇంకా పోలేదని, పరీక్షని నమ్మలేమని అర్థమట. హిస్టమిన్ మన ఒంట్లోనే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారై, చర్మంలోని మాస్ట్ కణాల్లో నిలవ ఉంటుంది. ఆ కణాలు దాన్ని వదిలితే సన్నటి రక్తనాళాలు వ్యాకోచించి, నీరు బయటికి ఊరి దద్దురు లేస్తుంది. కొందరిలో ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే ఆ కణాలని రెచ్చగొడతాయి. ఇందులో వంకాయ ప్రమేయం లేదు.

"ఆ హిస్టమిన్‌ని మొత్తం తీసేసే మందు లేదా?" అని అడిగాను.

"తీసేస్తే అన్నం ఎలా అరుగుతుంది, క్లాసులో మెలకువగా ఎలా ఉంటారు?" అన్నారు ఆవిడ. పొట్టలో ఆమ్లం ఊరమని చెప్పేది, మెదడులో మెలకువని నిలిపి ఉంచేది కూడా ఇదేనట. పొట్టలో అది పనిచేసే గ్రాహకం, అంటే కణం మీద అది అతుక్కునే చోటు, హెచ్2; దురద మాత్ర మూసేది హెచ్1ని, అందుకే దురద మాత్ర ఆమ్లాన్ని తగ్గించదు. చర్మంలో దురద పుట్టించే హెచ్1 మాత్రం మెదడులోనూ ఉంది. పాత మాత్ర అక్కడిదాకా వెళ్లి దాన్ని కూడా మూసేస్తుంది. రెండో పీరియడ్ కునికిపాట్ల రహస్యం అదన్నమాట.

మెదడులోకి అంతగా వెళ్లని బిలాస్టిన్ రాశారు, పరగడుపున వేసుకోమన్నారు. ఒకటి చాలలేదు. ఇలాంటి కొత్త మాత్రల్ని డాక్టరు పర్యవేక్షణలో నాలుగింతల దాకా పెంచే పద్ధతి ఉంది. నాకు రెండు సరిపోయాయి. మూడు వారాలకి సాయంత్రాలు ప్రశాంతంగా గడవడం మొదలైంది. సంక్రాంతికి గుత్తి వంకాయ తిన్నాను. అమ్మ పక్కనే కూర్చుని, రాత్రి పదింటి దాకా నా చేతులు తిప్పి తిప్పి చూసింది.