కొత్త బెల్టు

పొద్దున డ్యూటీలో చేరేసరికి మూడో మంచం అమ్మాయికి నొప్పులు జోరందుకున్నాయి. బిడ్డ గుండె నిమిషానికి 140 దగ్గర కొట్టుకుంటోంది. నొప్పి వచ్చినప్పుడల్లా కిందికి జారి, మళ్లీ లేస్తోంది. బిడ్డ గుండె వేగాన్నీ తల్లి నొప్పులనూ గీతలుగా గీసే సీటీజీ యంత్రం కాగితం మడతలు మడతలుగా నేల దాకా వేలాడుతోంది. "మేడమ్, సిజేరియన్‌కు సిద్ధం చేయమంటారా?" అంది జూనియర్ డాక్టర్. ముందు ఎడమవైపు తిప్పి పడుకోబెట్టమన్నాను. కాసేపటికి గీత కుదుటపడింది. తిప్పడం వల్లనో, దానంతట అదే సర్దుకుందో చెప్పలేను.

మధ్యాహ్నం కొనుగోళ్ల కమిటీ. కొత్త యంత్రం తెచ్చిన కుర్రాడు మాటకారి. పొట్ట చుట్టూ మెత్తటి బెల్టు, తీగల గొడవ లేదు. లోపలి కృత్రిమ మేధ గ్రాఫు చదివి ఎరుపో పచ్చో వెలిగిస్తుంది. దాని తీర్పు నిపుణుల తీర్పుతో చాలావరకు సరిపోయిందట. ఆ నిపుణులం మేమే కదా! ఒకే గ్రాఫు ఇద్దరికి చూపిస్తే రెండు మాటలు చెబుతాం. మాతో సరిపోవడం ఏం గొప్ప?

నేను అడిగింది ఒక్కటే. లాటరీ తీసినట్టు తల్లులను రెండు గుంపులుగా చేసి, బెల్టు కట్టినవారి బిడ్డలు మిగతావారి బిడ్డలకన్నా బాగున్నారని ఎవరైనా చూశారా? "ఆ అధ్యయనం జరుగుతోంది మేడమ్" అన్నాడు.

నా చాదస్తానికి కారణం ఉంది. 2000లో, నేను జూనియర్‌గా ఉన్నప్పుడు, కడుపులోని బిడ్డ చెంపకు ఆనించి ఆక్సిజన్ కొలిచే పరికరానికి అమెరికాలో అనుమతి వచ్చింది. గుండె వేగం చూసి ఊహించడమెందుకు, ఆక్సిజన్‌నే చూస్తే పోదా అన్న తర్కం నాకు తెగ నచ్చింది. వెయ్యిమంది తల్లులతో చేసిన తొలి పరీక్షలో గుండె గ్రాఫు భయంతో చేసే సిజేరియన్లు తగ్గాయి, కానీ కాన్పు ముందుకు సాగలేదని చేసేవి పెరిగాయి. మొత్తం లెక్క మారలేదు. ఆ రెండో వాక్యాన్ని నేను చదివీ చదవనట్టు వదిలేశాను. 2006లో 5,341 మందితో మరో పరీక్ష ఫలితం వచ్చింది. సగంమందిలో ఆ అంకె డాక్టర్లకు కనిపించింది, సగంమందిలో దాచారు. సిజేరియన్లలోనూ తేడా లేదు, బిడ్డల ఆరోగ్యంలోనూ లేదు. పరికరం బజారునుంచి మాయమైంది.

2017లో బ్రిటన్, ఐర్లండ్‌లలో 46 వేల పైచిలుకు కాన్పుల్లో కంప్యూటర్ చేత గ్రాఫులు చదివించారు. బిడ్డలకు ఒరిగింది లేదు. ఈ సంగతి చెబితే కుర్రాడు "అది పాత సాఫ్ట్‌వేర్ మేడమ్" అన్నాడు. కావచ్చు. కొత్తది మెరుగే కావచ్చు. చూపించమనే కదా నేనంటున్నది.

మూడు నెలలు ఉచితంగా పెట్టి చూద్దామన్నారు మా పెద్దాయన. అక్కడే నాకు భయం. అర్ధరాత్రి రెండింటికి ఎర్రదీపం వెలిగితే, ఇంకా రుజువు కాని యంత్రం కదా అని ఊరుకునే ధైర్యం మా జూనియర్‌కు ఉంటుందా? నాకుంటుందా? తెర మూసి, అంకెలు మాత్రం నమోదు చేసుకుంటే సరే అన్నాను. మూసిన తెరతో ఎవరికీ ఉత్సాహం కలగలేదు. నిర్ణయం వాయిదా పడింది.

లేబర్ రూముకు తిరిగి వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. నా ప్రశ్న మూడో మంచం పక్కనున్న సీటీజీని అడిగితే అదీ తప్పుతుంది. 1960ల చివర్లో అమ్మకానికి వచ్చి, పరీక్షలు పూర్తయ్యేలోపే ప్రతి గదిలోనూ పాతుకుపోయింది. 37 వేలమంది తల్లుల లెక్కలు కలిపి చూస్తే, మధ్యమధ్య గుండె చప్పుడు వినడంతో పోల్చినప్పుడు పసిపిల్లల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి. మరణాలు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడడం) తగ్గినట్టు తేలలేదు. సిజేరియన్లు మాత్రం పెరిగాయి. అయినా ఇవాళ పొద్దున దాన్ని తీసేయమని నేను అనలేదు. రేపు ఏదైనా అయితే ఫైల్లో కాగితం ఏదని అడుగుతారు మరి.

సాయంత్రం ఆరింటికి మూడో మంచం అమ్మాయి మామూలుగానే కన్నది. ఆడపిల్ల, పుడుతూనే గదంతా మోగించింది. సిస్టర్ సీటీజీ బెల్టు విప్పుతుంటే ఆ అమ్మాయి యంత్రం వైపు చూసి, "రాత్రంతా ఆ టకటకలు వింటూనే ధైర్యంగా ఉన్నాను మేడమ్" అంది.

బిడ్డ పాలు పట్టిందా అని అడిగాను.